గృహవిజ్ఞానము: బంపరునకు ఏ పూత మేలు?

విశాఖపట్టణమున సముద్రమునకు దగ్గరగా కాపురముండు నొక సోదరి యీ నెల నాకొక జాబు వ్రాసినారు. వారి యింట నొక పాత జీపు కలదు. వారమున కొకపర్యాయమైన నది కొండదారిని పాడేరు వైపు సంతలకు పోయి, పసుపును మిరియములను మోసికొని వచ్చును. దాని ముందటి యుక్కు బంపరు తుప్పు పట్టినది. పౌడరు కోటింగు చేయింపుడని యొక పనివాడును, రబ్బరువంటి మందపు పూత వేయింపుడని మరియొకడును చెప్పినారట. భర్తగారికి తళతళ మెరయు క్రోమియము మీద మనసట. "ముగ్గురిలో నెవరి మాట వినవలెనో తెలియకున్నది. డబ్బు మాత్రము నేను దాచినదానిలోనుండి పోవలెను. ఏమి చేయుదును?" అని యామె ప్రశ్న.

ఈ ప్రశ్న మన పుటలో నేల యని కొందరు సోదరీమణు లనుకొనవచ్చును. కాని వీధి గేటు, కిటికీ చువ్వలు, డాబామీది నీళ్లతొట్టిని మోయు నినుప కాళ్లు, ఇవన్నియు బంపరు జాతివే. ఒకదాని సంగతి తెలిసినచో తక్కినవానికిని ఉపయోగించును.

నాలుగేండ్ల క్రిందట నేనును మోసపోతిని. మా బండి బంపరునకు మందపు పూత వేయించితిని. మొదటి యేడు చూచినవారెల్ల మెచ్చుకొనిరి. రెండవ వానకాలము వెళ్లిన పిమ్మట నొక మూల చిన్న పొక్కు కనబడినది. గోటితో గిల్లగా అరచేయంత పెచ్చు లేచి వచ్చినది. లోపల ఇనుము పొరలు పొరలుగా చివికియుండెను. పనివాడు పాత తుప్పును పైపైన గీకి, దానిమీదనే పూత వేసినాడని యప్పుడు తెలిసినది. పూత మంచిదే, దాని క్రిందిపని చెడ్డది. అది మందముగ నుండుటచేతనే లోపలి రోగము రెండేండ్లు నా కంటబడక దాగినది.

ఇనుము తుప్పు పట్టుటకు గాలియు నీరును రెండును కావలెను. ఉప్పు తోడైనచో ఆ పని మిక్కిలి వేగముగ జరుగును. సముద్రపు గాలి తెచ్చిన యుప్పు బంపరుమీద నిలిచి తేమను పీల్చుకొనును. ఇక కొండదారిలో ముందు బండి చక్రములు చిమ్ము గులకరాళ్లు పూతను చిట్లగొట్టును. కావున నీ సోదరి బంపరునకు శత్రువులు రెండు: ఉప్పు, రాయి. పూత ఉప్పునకు లొంగరాదు. రాయి తగిలినచోట సులభముగ బాగుచేసికొనుటకు వీలుండవలెను. ఏ పూతనైన నీ రెండిటితోనే తూచవలెను గాని మెరుపుతో గాదు.

ఇత్తడి గిన్నెకు కళాయి పోయువానిని మనలో పెద్దవారు చూచియే యుందురు. అతడు ముందుగా గిన్నెను చక్కగ తోమి, కాచి, నవాసారము చల్లి, పిమ్మటనే తగరము రాచెడివాడు. చిలుము మిగిలినచోట కళాయి యంటదు. బంపరు సంగతియు నంతే. పాత రంగును తుప్పును పూర్తిగ పోగొట్టి, శుద్ధలోహము కనబడువరకు గరుకు రేణువులను గాలితో విసరి కొట్టించుట యుత్తమము. దీనిని బ్లాస్టింగు అందురు. కొన్ని పౌడరు కోటింగు పనిశాలలలో జిడ్డు తీయుట, తుప్పు తీయుట, ఫాస్ఫేటు పొర నెక్కించుట, నడుమ నడుమ కడుగుట యను పనులను ఏడు తొట్లలో వరుసగా జరుపుదురు. కాబట్టి పనివానిని "ఏ రంగు వేసెదవు?" అని యడుగకముందే "తుప్పెట్లు తీసెదవు?" అని యడుగవలెను.

ఇప్పుడు పూతల సంగతి. పౌడరు కోటింగునందు ద్రవము లేదు. తల దువ్విన దువ్వెన కాగితపు ముక్కల నాకర్షించినట్లు, విద్యుత్తు నెక్కించిన రంగుపొడి యినుము నంటుకొనును. పిమ్మట దానిని సుమారు 180 మొదలు 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిగల పొయ్యిలో 10 మొదలు 20 నిమిషములు కాల్తురు. పొడి కరగి, గట్టిపడి, ఒకే చర్మమువలె నగును. పొడులలో పాలియెస్టరు జాతి యెండకు నిలుచును. ఎపాక్సీ జాతి గట్టిదే గాని యెండలో వెలిసి సుద్దవలె రాలును. బయట తిరుగు బండికి పాలియెస్టరునే యడుగవలెను. దీని లోపమేమనగా, రాయి తగిలి చిట్లినచో ఆ కొంచెపు మేరను ఇంట మరల కాల్పజాలము. మామూలు రంగుతో మాటు వేయవలసినదే. దీపములను, రబ్బరు ముక్కలను ముందుగా విప్పించుట మరువరాదు.

రెండవది రెండు డబ్బాల రంగు. అడుగున ఎపాక్సీ ప్రైమరును, పైన పాలీయురిథేను రంగును, వేర్వేరు గట్టిపరచు ద్రవములతో కలిపి పిచికారి చేయుదురు. పొయ్యి యక్కరలేదు. ఎపాక్సీ యినుమును గట్టిగ పట్టుకొనును. పాలీయురిథేను ఎండను తాళును. చిట్లినచోట నంతమేరకే గీకి మరల వేసికొనవచ్చును.

మూడవది సరకుబండ్ల తొట్లలో వేయు పాలీయూరియా జాతి మందపు పూత. గులకరాళ్ల దెబ్బకు బాగుగ తాళును. అయినను అంచున నీరు దూరినచో, మా యింట జరిగినట్లే, లోపలి తుప్పు బయటికి తెలియదు. దానిని తీసివేయుటయు కష్టము. ఇక క్రోమియము అందమునకు. ఇనుమును కాపాడునది ముఖ్యముగ దాని క్రింది నికెలు పొర. ఆ పొరలో సూదిమోపినంత సందు దొరకినను తుప్పు మొలచును. అది యింట బాగుపడునది కాదు.

రంగుల యడుగున జింకు ఉన్నచో మరియొక రక్ష. జింకు తాను ముందుగ కరగిపోవుచు ఇనుమును కాపాడును. గీత పడినచోట గూడ కొంతకాలము తుప్పును రానీయదు. మన యినుప బొక్కెనల తెల్లపూత యదియే. కాని జింకు ప్రైమరు శుద్ధమైన లోహము నంటినగాని పనిచేయదు. దానిమీద నూనెజాతి ఎనామిలును నేరుగా వేయరాదు. కొంతకాలమునకు పట్టు విడిచి పెచ్చులూడును. నడుమ ఎపాక్సీ పొర యుండవలెను.

మరి కొన్ని చిన్న సంగతులు. పదునైన అంచున రంగు పలుచబడును. కావున అంచులను గుండ్రముగ అరగదీయించి, అచ్చట ముందుగ కుంచెతో నొక పూత వేయింపుడు. గొట్టపు బంపరైనచో అడుగున నీరు కారు రంధ్రము మూసికొనిపోలేదని చూచుకొనుడు. నిగనిగలాడు నలుపుమీద బురద నిలువదు గాని గీతలు కనబడును; గరుకు నలుపు గీతలను దాచును గాని బురదను పట్టుకొనును. సగము మెరుపుగల నలుపు నడిమి దారి.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. పాలీయురిథేను రంగును గట్టిపరచు ద్రవమునందు ఐసోసయనేటు లుండును. ఆ తుంపరను పీల్చినచో ఉబ్బసము రావచ్చును. ఒకసారి పడకపోయినవారికి పిమ్మట లేశమైనను పడదు. ముక్కునకు గుడ్డ కట్టుకొనుట చాలదు. ఆ పని యింటి వసారాలో జరుగనీయక, తగిన సాధనములుగల పనిశాలకే పంపుడు. పాత రంగును పొడిగా గీకుటయు అపాయమే. 2016 నాటి నియమముల ప్రకారము మన దేశమున ఇండ్లకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదు. ఇది 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. కాని యా నియమములు ఇండ్ల రంగులకే గాని పరిశ్రమల రంగులకు వర్తింపవు. కావున పాత బంపరు రంగులో సీసము లేదని నమ్మియుండరాదు. ఆ ధూళి నేలమీద పడి, ప్రాకాడు బిడ్డల చేతులనుండి నోటికి పోవును. రంగును తడిపి రుద్దింపవలెను. పిల్లలను దూరముగ నుంచవలెను.

ఇంకొక మాట. ఆ బంపరు బండితో వచ్చినదేనా, తరువాత బిగించినదా? 2017 డిసెంబరులో కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖ, బండ్ల ముందు అదనముగ బిగించు నుక్కు కమ్ములు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనునకు విరుద్ధములని రాష్ట్రములకు వ్రాసినది. అవి బాటసారిని మరింత గాయపరచును. గాలిసంచులుగల బండిలో ఆ సంచులు సకాలమున విచ్చుకొనుటకును అడ్డుపడవచ్చును. అట్టి కమ్మియైనచో రంగునకు డబ్బు పోయక, విప్పించివేయుటయే మేలు.

విశాఖ సోదరికి నా సలహా యిది. బంపరు బండితో వచ్చినదే యైనచో, బ్లాస్టింగు చేయించి, జింకుగల ఎపాక్సీ ప్రైమరును, దానిమీద ఎపాక్సీ పొరను, పైన సగము మెరుపుగల పాలీయురిథేను నలుపును వేయింపుడు. రాళ్లదారి నెరుగక ఊరిలోనే తిరుగు బండియైనచో పౌడరు కోటింగు చాలును. డబ్బు చాలనిచో పై రంగులో తగ్గింపుడు గాని శుభ్రము చేయుటలో తగ్గింపకుడు. పని యప్పగించుటకు ముందు ఒక రేకుముక్కమీద నదే పూత వేయించి, బాగుగ నారిన పిమ్మట బ్లేడుతో నిలువుగ నడ్డముగ గళ్లు గీసి, అంటుపట్టీ నతికించి లాగి చూడుడు. గళ్లు లేచి వచ్చినచో ఆ పనివానికి బంపరు నీయకుడు.

సంతనుండి బండి వచ్చిన సాయంకాలము మంచినీళ్లతో బంపరును కడిగించి, తుడిపించి, చిట్లిన చోట్లను వెదకుడు. ఒక చిన్న ప్రైమరు డబ్బా, ఒక చిన్న నలుపు డబ్బా, కొంచెము ఎమరీ కాగితము ఇంట నుంచుకొనుడు. బియ్యపు గింజంత తుప్పును ఆ వారముననే గీకి మాటు వేసినచో మరల పెద్ద ఖర్చు చాలకాలము రాదు. భర్తగారికి మెరుపే కావలెనన్నచో, మిగిలిన డబ్బులో కొంచెము చింతపండు కొని, ఇంటి యిత్తడి బిందెలు తోమి చూపుడు.