చెప్పుల్లేని కాళ్లు

మా మేనల్లుడు పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు ఓ టీషర్టు వేసుకొచ్చాడు. దాని మీద నలుగురు మనుషులు వరసగా రోడ్డు దాటుతున్న ఫొటో. ‘ఎవర్రా వీళ్లు?’ అంటే, ‘ఏమో మామయ్యా, డిజైన్ బావుందని కొన్నా’ అన్నాడు. మా ఆవిడ కళ్లజోడు సవరించుకుని చూసి, ‘మూడో అతనికి చెప్పుల్లేవేం, పాపం?’ అంది.

సరిగ్గా ఈ ప్రశ్నే 1969లో అమెరికా కుర్రకారుకి నిద్ర లేకుండా చేసింది.

ఆ నలుగురూ బీటిల్స్. ఆ ఫొటో ‘ఎబీ రోడ్’ అనే ఎల్పీ రికార్డు అట్ట మీద బొమ్మ. 1969 ఆగస్టు 8న లండన్‌లో తమ రికార్డింగ్ స్టూడియో ముందున్న రోడ్డు మీదే తీశారు. పోలీసు కాసేపు ట్రాఫిక్ ఆపితే, ఫొటోగ్రాఫర్ ఇయాన్ మెక్‌మిలన్ నిచ్చెనెక్కి ఆరంటే ఆరు ఫొటోలు తీశాడు. పది నిమిషాల పని. సెప్టెంబరు నెలాఖరున రికార్డు బజారులోకి వచ్చింది.

అప్పటికే ఒక పుకారు మెల్లగా పాకుతోంది. పాల్ మెకార్ట్‌నీ 1966లోనే కారు ప్రమాదంలో చనిపోయాడట. అచ్చం అతనిలా ఉండే మనిషిని తెచ్చి పెట్టారట. కానీ మిగతా ముగ్గురికీ మనసొప్పక, నిజాన్ని పాటల్లోనూ అట్టల మీదా గుట్టుగా దాచిపెడుతున్నారట. ఆ రికార్డు వచ్చేనాటికి అయోవా రాష్ట్రంలో డ్రేక్ యూనివర్సిటీ విద్యార్థుల పత్రిక ఈ సంగతి అచ్చేసింది కూడా. అక్టోబరు 12న డెట్రాయిట్‌లో ఒక రేడియో స్టేషన్‌కి ఎవరో ఫోన్ చేసి, ఫలానా పాటని వెనక్కి తిప్పి వినిపించమన్నారు. రస్ గిబ్ అనే వ్యాఖ్యాత తిప్పాడు. అంతే, ఇక ఫోన్లే ఫోన్లు.

ఇప్పుడు అట్ట మీదికి రండి. ముందు నడుస్తున్న జాన్ లెనన్‌వి తెల్లబట్టలు, కాబట్టి ఫాదరీ. వెనక రింగో నల్లసూటు, కాబట్టి శవపేటికల వ్యాపారి. చివర జార్జ్ జీన్స్ బట్టలు, కాబట్టి గొయ్యి తవ్వేవాడు. మధ్యలో చెప్పుల్లేకుండా, మిగతావాళ్లతో అడుగు కలవకుండా నడుస్తున్న పాల్ ఎవరంటారు? ఎడమచేతివాటం మనిషి కుడిచేత్తో సిగరెట్ పట్టుకున్నాడేం? పక్కన ఆగిన ఫోక్స్‌వ్యాగన్ కారు నంబరు ప్లేటు చూశారా? 28, ఆ పక్కన ఐ, ఎఫ్. అంటే ‘ఇఫ్’! బతికి ఉంటే 28 ఏళ్లన్నమాట!

నిజానికది 281, ఎఫ్. ఇంగ్లిషులో ఒకటి అంకె, ఐ అక్షరం కవల పిల్లల్లా ఉంటాయి. పైగా పాల్‌కి అప్పటికి నిండినవి 27. (మన బామ్మల లెక్కలో ‘28 నడుస్తోంది’ గనక, ఈ ఒక్క ఆధారం మన దగ్గర నెగ్గేదేమో.) ఇంకో పాట చివర లెనన్ ‘పాల్‌ని పాతిపెట్టాను’ అని గొణిగినట్టు చాలామందికి వినబడింది. అతనన్నది క్రాన్‌బెర్రీ పళ్లతో చేసే ఓ పచ్చడి పేరు.

నాకు బాగా నచ్చింది మాత్రం మిషిగన్ యూనివర్సిటీ విద్యార్థి ఫ్రెడ్ లాబూర్ కథ. కాలేజీ పత్రికకి ‘ఎబీ రోడ్’ మీద సమీక్ష రాయమంటే, అతను ఏకంగా పాల్ చావుకథ రాసి పారేశాడు. ఆధారాలు చాలామటుకు తనే పుట్టించాడు. పాల్ స్థానంలో వచ్చినవాడికి పేరు కూడా తనే పెట్టాడు. తీరా చూస్తే అవన్నీ దేశమంతా తిరిగి నిజాలై కూర్చున్నాయి. ఈ వ్యవహారం మీద టీవీలో ఉత్తుత్తి కోర్టు పెట్టి, పేరున్న క్రిమినల్ లాయరు ఎఫ్.లీ బెయిలీ చేత సాక్షుల్ని ప్రశ్నింపజేశారు. లాబూర్ ముందుగానే వెళ్లి ‘అయ్యా, అది నేను కల్పించింది’ అని ఒప్పుకున్నాడు. గంటసేపు కార్యక్రమం నడపాలి కదా నాయనా, సర్దుకుపో అన్నాడట బెయిలీ. లాబూర్ తర్వాత తనే ఓ సంగీత బృందంలో చేరి పేరు తెచ్చుకున్నాడు.

వాళ్లని చూసి మనం మరీ నవ్వక్కర్లేదు. ఊళ్లో ఏ వింత జరిగినా ‘ఇది బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు’ అనే పెద్దాయన వీధికొకరు ఉంటారు మనకి. ఏంటో ఎప్పుడూ జరగకముందు మాత్రం చెప్పరు! అలాగని గూఢార్థాలన్నీ భ్రమేనా అంటే, అదీ కాదు. పింగళి సూరన ‘రాఘవ పాండవీయం’లో ఒకే పద్యం ఇటు రామాయణమూ అవుతుంది, అటు భారతమూ అవుతుంది. కానీ ఆ రెండో అర్థాన్ని కవే పనిగట్టుకుని పెట్టాడు, పెట్టానని చెప్పాడు కూడా. మన చెవి కల్పించుకునే అర్థం సంగతి వేరు. కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ యూనివర్సిటీలో జాన్ వోకీ, డాన్ రీడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి 1985లో ప్రచురించారు. మాటల్ని వెనక్కి తిప్పి వినిపిస్తే ఎవరికీ అర్థం తెలియలేదు. ‘ఇదిగో, ఇక్కడ ఫలానా మాట వినబడుతుంది చూడండి’ అని ముందే చెప్పి వినిపిస్తే మాత్రం, చాలామందికి చక్కగా వినబడింది.

లెనన్‌కి ఇదంతా పెద్ద వినోదం. తను చదివిన బడిలో టీచరుగారు బీటిల్స్ పాటలకి అర్థాలు చెప్పిస్తున్నారని ఓ కుర్రాడు ఉత్తరం రాస్తే, చెప్పుకోండి చూద్దాం అని కావాలనే అర్థంపర్థం లేని మాటలు పేర్చి 1967లో వాల్రస్ పాట తయారుచేశాడు. మర్నాటి నుంచి దానికీ అర్థాలు మొదలు! మరుసటి ఏడు ‘గ్లాస్ ఆనియన్’ అని ఇంకో పాట రాసి, వెతికేవాళ్లకి మరికొన్ని దొంగ ఆనవాళ్లు విసిరాడు. నన్నడిగితే, నిప్పుతో ఆడుకున్నాడనే అంటాను. ఎందుకంటే అదే 1968 నవంబరులో వాళ్ల తెల్లట్ట రికార్డు వచ్చింది. పాటలు చాలావరకు రిషీకేశ్‌లో, గంగ ఒడ్డున ఆశ్రమంలో ఉండగా కట్టినవి. దాన్ని కాలిఫోర్నియాలో ఛార్లెస్ మాన్సన్ అనేవాడు తన చుట్టూ పోగైన కుర్రాళ్లకి పదేపదే వినిపించేవాడు. బీటిల్స్ తనకే కబురు పంపుతున్నారన్నాడు. నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ యుద్ధం రాబోతోందనీ, అది ముగిశాక రాజ్యం మనదేననీ నమ్మించాడు. ఆ యుద్ధానికి వాడు పెట్టుకున్న పేరు ‘హెల్టర్ స్కెల్టర్’, అందులోని ఒక పాట పేరు. ఇంగ్లండ్ తిరనాళ్లలో బురుజులా కట్టిన జారుడుబల్లని అలా అంటారు. పిల్లలు చాప మీద కూచుని గిర్రున తిరుగుతూ కిందికి జారతారు. అంతే దాని అర్థం.

1969 ఆగస్టులో రెండు రాత్రుల్లో మాన్సన్ మనుషులు ఏడుగురిని చంపారు. అందులో నటి షారన్ టేట్ నిండు గర్భిణి. రెండో రాత్రి చంపిన దంపతుల ఇంట్లో, ఫ్రిజ్ తలుపు మీద ఆ జారుడుబల్ల పేరు నెత్తుటితో రాసి ఉంది, అదీ స్పెల్లింగ్ తప్పుతో. లండన్‌లో ఆ నలుగురూ రోడ్డు దాటింది ఆగస్టు 8న. టేట్ ఇంటికి హంతకులు వెళ్లింది ఆ అర్ధరాత్రే. చూశారా, ఇప్పుడు నేనే ఆధారాలు ఏరుతున్నాను.

మాన్సన్ మదమెక్కినవాడు, వదిలేద్దాం. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకో కేసు. 1985 డిసెంబరులో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఇద్దరు కుర్రాళ్లు తుపాకీతో కాల్చుకున్నారు. ఒకడు అక్కడికక్కడే పోయాడు, రెండోవాడు దెబ్బతిన్న ముఖంతో మూడేళ్లు బతికి పోయాడు. జూడాస్ ప్రీస్ట్ అనే బ్రిటిష్ బృందం 1978 నాటి రికార్డులో ‘చేసెయ్’ అనే మాట చెవికి తెలియకుండా దాచిందనీ, అదే తమ పిల్లల్ని మింగిందనీ కుటుంబాలు కోర్టుకెక్కాయి. 1990లో రీనో నగరంలో విచారణ. పాటగాడు రాబ్ హాల్‌ఫర్డ్ తమ పాటల్ని తనే వెనక్కి తిప్పి తెచ్చి జడ్జీకి వినిపించాడు. ఒకచోట ఎవరో పిల్లాడు తన కుర్చీ విరిగిందని అమ్మతో చెబుతున్నట్టుందట! చివరికి జడ్జీ, అది గిటారు మోతా పాటగాడి ఊపిరీ కలిసిన చప్పుడు తప్ప కావాలని పెట్టింది కాదని కేసు కొట్టేశారు.

తీర్పు సరైనదే. అయినా ఆ తల్లుల్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కొడుకు పోయాక, ఎందుకు పోయాడో తెలియకపోవడం కంటే రికార్డులో దొరికిన ఒక్క మాట నయం. తాగుడూ, మత్తుమందులూ, చదువు మానెయ్యడం, ఇంట్లో గొడవలూ అన్నీ కోర్టులో బయటికొచ్చాయి. అవేవీ వెనక్కి తిప్పి వినాల్సినవి కావు.

ఇక పాల్ సంగతి. చనిపోయిన మనిషి స్కాట్లండ్‌లో తన పొలంలో భార్యాపిల్లలతో ఉన్నాడు. ‘లైఫ్’ పత్రిక మనుషులు వెతుక్కుంటూ వెళితే, కోపమొచ్చి బక్కెట్టు నీళ్లు వాళ్ల మీద గుమ్మరించాడు. అదీ ఫొటోలో పడిందని తెలిసి దిగొచ్చి, ఆ ఫిల్ము ఇచ్చేస్తే మాట్లాడతానన్నాడు. 1969 నవంబరు 7 నాటి ‘లైఫ్’ అట్ట మీద పాల్ బతికే ఉన్నాడని బొమ్మతో సహా వేశారు. లోపల ఇంటర్వ్యూలో ఆయన, బీటిల్స్ వ్యవహారం ముగిసిపోయినట్టేనని అన్నాడు, మామూలు మాటల్లో, తిన్నగా. నిజంగానే సెప్టెంబరులో లెనన్ వెళ్లిపోతానని మిగతావాళ్లకి చెప్పేశాడు, బయటికి పొక్కనివ్వలేదు. అంత పెద్ద వార్త అచ్చులో కళ్లెదుట ఉంటే దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. 1970 ఏప్రిల్‌లో విడిపోయారని తెలిసినప్పుడు లోకమంతా ఉలిక్కిపడింది. మరి పాఠకులు ఏం చేస్తున్నారంటారా? ఆ అట్టని వెలుతురుకి ఎత్తిపట్టుకుని, వెనకవైపు ప్రకటనలోని కారు సరిగ్గా పాల్ ఒంటి మీదికి వస్తోందని చూసుకుంటున్నారు.

1993లో పాల్ అదే రోడ్డు మీద తన కుక్కతో ఫొటో దిగి, కారు ప్లేటు మీద ‘51 ఈజ్’ అని రాయించుకున్నాడు. 80 నిండిన వారానికి, 2022 జూన్‌లో గ్లాస్టన్‌బరీ వేదిక మీద పాడాడు కూడా.

ఇదంతా చెప్పేసరికి కాఫీలు చల్లారిపోయాయి. ‘ఇంతకీ చెప్పులెందుకు విప్పాడో చెప్పలేదు’ అంది మా ఆవిడ.

‘ఆ రోజు ఎండగా ఉందిట. అందుకని విప్పేశాడు, అంతే’ అన్నాను.

ఆవిడ టీషర్టు వంక ఇంకోసారి తేరిపార చూసింది. ‘ఎండగా ఉంటే తారురోడ్డు మీద చెప్పులు వేసుకుంటారు గానీ, విప్పుతారా ఎవరైనా? ఇందులో ఏదో ఉందండీ!’