గంటసేపటి గాంధారి

మా తమ్ముడి కూతురు విజయవాడలో మా ఇంట్లోనే ఉండి డిగ్రీ చదువుకుంటూన్నది. ఆ మధ్య ఒక శనివారం సాయంత్రం గజం పొడుగు నల్లగుడ్డ పట్టుకుని ఇంటికొచ్చింది. కళ్ళు లేనివారి కష్టం అర్థం చేసుకోవడానికి పిల్లలు, వీలైతే ఇంట్లోవాళ్ళు కూడా, ఒక గంటసేపు గంతలు కట్టుకుని గడపాలనీ, ఆ అనుభవం రెండు పేజీలు రాసుకు రావాలనీ కాలేజీలో చెప్పారట.

"అత్తా, నువ్వు కట్టుకో. నేను పక్కన కూర్చుని రాసుకుంటాను" అంది. చదువు దానిదీ, గంతలు నావీను!

"గంతలెందుకే? నా కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో కళ్ళు తెరుచుకుని ఉన్నా మీ అత్తకు కనపడదు" అన్నారు మావారు పేపరు వెనక నుంచి.

ఆ మాటతో పౌరుషం వచ్చి కట్టించుకున్నాను. పంతొమ్మిదేళ్ళుగా ఈ ఇంట్లో కాపురం చేస్తున్నదాన్ని. అర్ధరాత్రి లేచి దీపం వెయ్యకుండా మంచినీళ్ళు తాగి వస్తాను. ఇదొక లెక్కా అనుకున్నాను. తీరా నాలుగడుగులు వేసేసరికి గోడ ఉండవలసిన చోట గోడ లేదు. కుర్చీ లేనిచోట కుర్చీ ఉంది. గడప తన్నుకుని పడబోయి ఫ్రిజ్జును కావిలించుకున్నాను. పంచదార డబ్బా అనుకుని బొంబాయిరవ్వ డబ్బాలో చెంచా ముంచాను. పాలు పొంగి స్టవ్వంతా వరద. గిన్నె దింపబోతే వేలు చురుక్కుమంది. ఏమాట కామాటే చెప్పుకోవాలి, గంట అన్నదాన్ని నలభై నిమిషాలకే గుడ్డ లాగి పారేశాను.

"ఎలా అనిపించిందత్తా?"

"ఎలా ఏమిటే! ఇదీ ఒక బతుకా తల్లీ! పగవాడికి కూడా వద్దు" అన్నాను. దానికి కళ్ళు చెమర్చాయి. నాకూ చెమర్చాయి. అది రెండు పేజీలూ నింపేసింది.

అంతటితో ఆగితే నేను ఈ వారం ఈ పేజీలో మరేదైనా రాసుకునేదాన్ని. ఆగలేదు.

అంతకు వారం రోజుల ముందు మా మేడమీది వాటా అద్దెకు అడుగుతూ ఒకమ్మాయి వచ్చింది. బ్యాంకులో ఉద్యోగం, ఈ ఊరికి కొత్తగా బదిలీ. ఆ అమ్మాయికి చూపు లేదు. వాళ్ళ నాన్నగారు తోడు వచ్చారు గానీ మాట్లాడింది మాత్రం ఆమే. అద్దె, నీళ్ళు, కరెంటు మీటరు అన్నీ అడిగి, తెల్లకర్ర పట్టుకుని మేడ ఎక్కి దిగి, వాటా బాగుందన్నది. నేనూ సరేనన్నాను. ఆదివారం వచ్చి అడ్వాన్సు ఇస్తానని వెళ్ళింది.

ఆ శనివారం రాత్రి కాలిన వేలికి వెన్న రాసుకుంటూ (రాయకూడదట, చన్నీళ్ళ ధార కింద పెట్టాలట; ఆ సంగతి తరవాత తెలిసింది) మావారితో అన్నాను: "ఆ పిల్లకు మనం ఇల్లివ్వలేమండీ. గ్యాసు స్టవ్వు, మెట్లు, ఒంటరిగా ఉండటం! ఏదైనా జరిగితే ఎవరు జవాబు చెప్తారు?"

"పొద్దున్న దాకా ఇవ్వగలిగావు కదా?"

"పొద్దున్న దాకా నాకు తెలియదు."

చూశారా! నిన్నటిదాకా ఆ అమ్మాయి నాకొక బ్యాంకు ఉద్యోగి. జాలి పడ్డ మరుక్షణం పనికిరాని అద్దెమనిషి.

ఆదివారం పదింటికల్లా వచ్చింది, ఈసారి ఒక్కర్తే. నేను వెల్ల వేయించాలన్నాను, మా బంధువులెవరో వస్తామంటున్నారన్నాను. ఆ అమ్మాయి అంతా విని, "పిన్నిగారూ, అసలు సంగతి చెప్పండి. ఈ ఊళ్ళో మీది నాలుగో ఇల్లు. ముందు మూడు ఇళ్ళవాళ్ళూ నా మంచికోసమే వద్దన్నారు" అన్నది.

సిగ్గుతో తల వంచుకున్నాను. వంచుకుంటే ఆమెకు కనపడదు గనక నోరు తెరిచి చెప్పవలసి వచ్చింది. గంతల సంగతి, పాల సంగతి, వేలి సంగతి మొత్తం చెప్పేశాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు. "ఎంతసేపు కట్టుకున్నారు?" అని అడిగింది.

"నలభై నిమిషాలమ్మా."

"నాకు రెండేళ్ళ వయసులో చూపు పోయింది. ఇప్పుడు ఇరవై తొమ్మిది. మీరు చూసినది నా బతుకు కాదు పిన్నిగారూ, చూపు పోయిన మొదటి నలభై నిమిషాలు. ఈత రానివాణ్ణి కృష్ణలోకి తోస్తే వాడికి మునగడం ఎలా ఉంటుందో తెలుస్తుంది గానీ ఈదడం ఎలా ఉంటుందో తెలుస్తుందా?"

తరవాత, "కాఫీ నేను పెట్టనా?" అన్నది. వద్దనడానికి నాకు మొహం చెల్లలేదు.

వంటింట్లో ఏది ఎక్కడుందో ఒకసారి అడిగి చేత్తో తడిమి చూసుకుంది. డబ్బాలు ఆడించి, మూత తీసి వాసన చూసి, ఏది ఏదో తేల్చుకుంది. పాలు కాగేటప్పుడు చప్పుడు మారుతుంది, విన్నారా ఎప్పుడైనా? ముప్ఫయ్యేళ్ళుగా పాలు కాస్తున్నాను, నేను వినలేదు. పొంగడానికి ముందే ఆమె మంట తగ్గించింది. నా గిన్నెలు సర్దిన తీరును మాత్రం కాస్త తప్పుపట్టింది. ఒకే సైజు డబ్బాలకు రబ్బరుబ్యాండ్లు వెయ్యమన్నది, ఒకటైతే పంచదార, రెండైతే రవ్వ.

కాఫీ తాగుతూ తన అసలు ఇబ్బందులు చెప్పింది. వాటిలో స్టవ్వు లేదు. ఫుట్‌పాత్ మీద అడ్డంగా నిలిపిన మోటారు సైకిళ్ళు ఉన్నాయి. అడగకుండా రెక్క పుచ్చుకుని రోడ్డు దాటించే పుణ్యాత్ములున్నారు. తను దాటదలుచుకోలేదని చెప్పినా వినరట. డబ్బు విషయానికొస్తే, వందనోటు మీద త్రికోణం, అయిదువందల నోటు మీద వలయం ఉబ్బెత్తుగా అచ్చువేస్తారు. అంచుల్లో వందకు నాలుగు గీతలు, అయిదువందలకు అయిదు. నోటు కొత్తగా ఉన్నప్పుడు వేలికి బాగానే తెలుస్తాయి, నలిగిపోయాక కష్టం. నోటు విలువ గుర్తించే యాప్ ఒకటి రిజర్వు బ్యాంకు 2020లో విడుదల చేసింది. ఇక అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది, నాలాంటి ఇంటివాళ్ళు. ఆ మాట ఆమె అనలేదు, నేనే అనుకున్నాను.

ఇదంతా వింటూ కూచున్న మా మేనకోడలు ఆ రాత్రి ఫోనులో ఏదో వెతికి నా దగ్గరకొచ్చింది. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయంలో ఏరియెల్ సిల్వర్‌మన్ అనే ఆవిడ, ఇద్దరు సహచరులతో కలిసి సరిగ్గా ఈ గంతల సంగతే పరీక్షించిందట. ఆవిడకు కూడా చూపు లేదు. 2015లో అచ్చయిన ఆ వ్యాసం ప్రకారం, కాసేపు గంతలు కట్టుకున్నవాళ్ళకు జాలి పెరిగింది; కానీ చూపులేనివాళ్ళు ఉద్యోగం చెయ్యగలరా, సొంతంగా బతకగలరా అంటే, గంతలు కట్టుకోని వాళ్ళకన్నా వీళ్ళే తక్కువ నమ్మకం చూపించారు. ఏడు సముద్రాలవతల విద్వాంసులు తేల్చినది నేను మా వంటింట్లో ఒక్క సాయంత్రంలో రుజువు చేశానన్నమాట!

అలాగని గంతలన్నీ వృథా అనను. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికులకు అమెరికా సైనిక ఆసుపత్రిలో నడక నేర్పిన రిచర్డ్ హూవర్, తాను గంతలు కట్టుకుని కర్రతో నడవడం సాధన చేశాడు. అడుగు పడబోయే చోటును ముందుగా తాకేలా పొడుగు కర్రను ఇటూ అటూ ఆడించే పద్ధతి అప్పుడు రూపుకట్టినదే. మా మేడమెట్ల మీద టకటకమన్నదీ అదే. ఆయన జాలిపడటానికి కాదు, నేర్చుకోవడానికి కట్టుకున్నాడు. అలాగే 1988లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్టులో ఆండ్రియాస్ హైనెకె అనే ఆయన చిమ్మచీకటి గదుల ప్రదర్శన మొదలుపెట్టాడు. 2011లో మన హైదరాబాదులో మాదాపూరులోనూ అలాంటిది తెరిచారు. అక్కడ చూపున్నవాళ్ళు తడుముకుంటూ ఉంటే, చూపులేనివాళ్ళు దారి చూపిస్తారు. ఆ చీకట్లో ఎవరు ఎవరిమీద జాలిపడాలి?

మన గాంధారి సంగతి చిన్నప్పటినుంచీ పతిభక్తికి నిదర్శనంగా విన్నదాన్ని. ఇప్పుడొక అనుమానం వస్తున్నది. ఆవిడ జీవితాంతం కట్టుకున్నది గానీ, ధృతరాష్ట్రుడికి దానివల్ల ఒరిగిందేమిటి? ఇంట్లో నూరుగురు పిల్లలు, ఒక్కరి మీదనైనా తల్లి కన్ను ఉంటే ఆయనకూ నయంగా ఉండేదేమో. ఇందుకు పెద్దలెవరైనా కోప్పడుతూ ఉత్తరం రాస్తే శిరసావహిస్తాను.

ఆ అమ్మాయి ఒకటో తారీఖున చేరింది. మేడమెట్లకు ఇనపకమ్మీ వేయిస్తానని మావారు ఉబలాటపడ్డారు. "వేయించండి బాబాయిగారూ, మోకాళ్ళనొప్పులతో పిన్నిగారు ఎక్కేటప్పుడు పనికొస్తుంది" అన్నది. తనకు కావలసినవి వేరే. మెట్లమీద పూలకుండీలు తీయించమన్నది. వాకిట్లో మెడ ఎత్తున కట్టిన బట్టల తీగ మార్పించమన్నది. మెట్ల మలుపులో బయటికి తెరుచుకునే కిటికీ రెక్క మూసి ఉంచమన్నది. కర్ర కింద ఉన్నవాటిని చెప్తుంది గానీ తల ఎత్తున ఉన్నవాటిని చెప్పలేదట.

కుండీలు తీయించాను, తీగ మార్పించాను. కిటికీ గడియ బాగుచెయ్యడానికి వడ్రంగి ఇవాళ రేపు అంటున్నాడు. ఈలోగా ఆ రెక్క తగిలి రెండుసార్లు నుదురు బొప్పి కట్టింది, మావారికి.

మేనకోడలు మాత్రం సోమవారం ఆ రెండు పేజీలూ కాలేజీలో ఇవ్వలేదు. మళ్ళీ రాస్తానని గడువు అడిగింది. ఇంకా మేడమీద కూర్చుని రాస్తూనే ఉంది.