పది పాసైతే పడిపోరా?

సలాలాలో ఇద్దరు తెలుగువాళ్ళు ఎదురుపడితే మొదటి ప్రశ్న "ఏ ఊరు?", రెండోది "ఏ కంపెనీ?". కాస్త చనువొచ్చాక మూడోది వస్తుంది: "ఏం చదివినవ్?" ఇవాళ నా గొడవంతా ఈ మూడో ప్రశ్నతోనే. మనిషికి పని ఇచ్చేముందు ఏం చదివావని అడగడం సబబే. కిందపడితే పట్టుకునేముందు కూడా అదే అడిగితే ఎలా?

గల్ఫుకి రానివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను. మన 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద ఒక ఏర్పాటు ఉంది. పదో తరగతి పాసవ్వనివాళ్ళు ఒమన్‌తో సహా 18 దేశాలకి ఉద్యోగానికి వెళ్ళాలంటే సర్కారు అనుమతి కావాలి. వాళ్ళది ఈసీఆర్ పాస్‌పోర్టు. పది పాసైనవాళ్ళకి ఆ అనుమతి అక్కర్లేదు. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకీ, మరికొందరికీ కూడా మినహాయింపు ఉందిలెండి, కానీ మన కుర్రాళ్ళలో ఎక్కువమంది దాటేది పదో తరగతి మెమోతోనే.

ఆ అనుమతి ఉత్త తలనొప్పి అని చాలామంది అభిప్రాయం. తలనొప్పే. కానీ దాంతోపాటు వచ్చేవి చూడండి. పనిలో పెట్టుకునేవాడి వివరాలు ఈ-మైగ్రేట్ అనే సర్కారీ వ్యవస్థలో నమోదవుతాయి. కాంట్రాక్టు కాయితం ఒకటి మన ప్రభుత్వం దగ్గరా ఉంటుంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. 2017లో సవరించిన లెక్క ప్రకారం రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా పని చెయ్యలేని పరిస్థితి వచ్చినా 10 లక్షల దాకా బీమా.

ఇప్పుడు నాకు తెలిసిన ఇద్దరి సంగతి. ఇద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్ళు. ఒకాయన సిరిసిల్ల వైపు మేస్త్రీ, బడికి వెళ్ళింది అయిదో తరగతి దాకానే. రెండోవాడు జగిత్యాల దగ్గర పల్లెటూరి కుర్రాడు, ఫీజు రీయింబర్స్‌మెంటు మీద మెకానికల్‌లో బీటెక్ చదివాడు. హైదరాబాదులో రెండేళ్ళు తిరిగి తిరిగి, ఇక్కడో గోడౌన్లో స్టోర్‌కీపరుగా చేరాడు. ఖరీఫ్ రోజులు. సలాలా సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, జూన్ చివర్నుంచి సెప్టెంబరు దాకా కొండల మీద మంచు కమ్మినట్టుంటుంది, రోజూ తుంపర. మస్కట్ వాళ్ళు చల్లదనం కోసం వెయ్యి కిలోమీటర్లు కార్లేసుకుని ఇక్కడికొస్తారు. అలాంటి ఒక శుక్రవారం మన బీటెక్ కుర్రాడు గది బయట తడి మెట్ల మీద జారి పడ్డాడు. నడుము దెబ్బతింది. ఇక బరువు పనులు చెయ్యలేడని డాక్టర్లు చెప్పేశారు. డ్యూటీలో జరిగింది కాదు కాబట్టి కంపెనీ వాళ్ళు నాలుగు నెలలు చూసి, లెక్క కట్టి పంపించేశారు.

ఆ మెట్ల మీద మేస్త్రీ జారి ఉంటే? ఆయన సంచిలో నాలుగు మడతలు పెట్టిన బీమా కాయితం ఉంది. ఇస్తారో ఇవ్వరో తర్వాతి మాట, కనీసం అడిగే హక్కు ఆయనకుంది. కుర్రాడికి అదీ లేదు. కారణం వాడు పది పాసయ్యాడు. ఆపైన ఇంటరు, ఆపైన బీటెక్కు!

మేం తలా పది రియాళ్ళు వేసుకుని సాగనంపుతుంటే మనవాళ్ళలో ఒకాయన అన్నాడు: "ఇంత చదువుకున్నోడికి ఇన్సూరెన్స్ తీసుకోవాలని తెల్వదా అన్నా? ఎవరి బాధ్యత వాళ్ళకుండాలి గదా." ఈ మాట తీసిపారెయ్యలేం. కాంట్రాక్టు చదవకుండా విమానం ఎక్కడం, ఏజెంటు చెప్పిందల్లా నమ్మడం, మొదటి జీతంతోనే ఫోను కొనడం, ఇవన్నీ చూస్తూనే ఉన్నాం. బాధ్యత ఉండాల్సిందే.

కానీ ఇంకో వైపు చూడండి. మేస్త్రీ ఏమైనా కూర్చుని ఆలోచించి బీమా తీసుకున్నాడా? లేదు, అది లేకపోతే విమానం ఎక్కనివ్వరు. నా మెడికల్ కార్డు మాత్రం? చేరిన రోజు హెచ్చార్ అమ్మాయి చేతికిచ్చింది, అంతే. మా ఇద్దరికీ ఉన్నది ముందుచూపు కాదు, ఏర్పాటు. మధ్యలో ఉన్నవాడికి మాత్రం ఏర్పాటూ లేదు, పైగా ముందుచూపు లేదని చీవాట్లు. అడుగున ఉన్నవాడికి చట్టం, పైన ఉన్నవాడికి కంపెనీ, నడుమన ఉన్నవాడికి నీతిబోధ!

డిగ్రీలు దండగ అనే బాపతు కాదు నేను. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంటు రాకపోతే ఆ కుర్రాడి ఇంట్లో ఇంజనీరింగు గడప తొక్కేవాళ్ళే ఉండరు. అది గొప్ప మేలు. చిక్కంతా ఎక్కడంటే, మన దగ్గర సర్కారైనా అమ్మానాన్నలైనా ఉన్నదంతా డిగ్రీ మీదే ఒడ్డేశారు. ఎకరం అమ్మితే డిగ్రీ కోసం, అప్పు చేస్తే డిగ్రీ కోసం. అదొస్తే ఇక వాడి బతుకు వాడిది. పింఛనూ అదే, బీమా అదే అన్నట్టు. కానీ బీమా అక్కరకొచ్చేది చెడ్డరోజున, డిగ్రీ అక్కరకొచ్చేది మంచిరోజున. ఉద్యోగాలున్నప్పుడు డిగ్రీ పైకెక్కిస్తుంది. జారినప్పుడు పట్టుకోదు. ఆ పని దానిది కాదు.

ఈ పాఠం ఒమన్ కూడా నేర్చుకుంది. 1970లో సుల్తాన్ కాబూస్ గద్దెనెక్కే నాటికి దేశం మొత్తానికి మూడే బడులు. 1986లో యూనివర్సిటీ తెరిచారు. తర్వాతి తరానికి పట్టాలొచ్చాయి గానీ అందరికీ ఉద్యోగాలు రాలేదు. 2011లో సోహార్‌తో పాటు ఈ సలాలాలోనూ కుర్రాళ్ళు రోడ్డు మీద కూచున్నారు. 50 వేల ఉద్యోగాలూ, పని వెతుక్కునేవాళ్ళకి నెలకి 150 రియాళ్ళూ ప్రకటించారు. 2021 మేలో మళ్ళీ నిరసనలు. 2023లో సామాజిక రక్షణ చట్టం తెచ్చారు: ముసలివాళ్ళకి నెలకి 115 రియాళ్ళు, పిల్లలకి తలా 10. ఏం చదివావన్న ప్రశ్న లేదు. ఇవి ఒమనీలకే, వాళ్ళ దేశం వాళ్ళ మనుషుల్ని చూసుకుంటోంది. మనల్ని చూసుకోవాల్సింది మన దేశం.

మన పక్క గదుల్లో మలయాళీలున్నారు. కేరళ 1996లోనే నోర్కా పేరుతో ప్రవాసులకోసం ప్రత్యేక శాఖ పెట్టుకుంది, 2008లో సంక్షేమ చట్టం చేసుకుంది. నెలనెలా కొంత కట్టుకుంటూ పోతే అరవై దాటాక పింఛను. చూశారా, మనిషి బాధ్యతా ఉంది, సర్కారు ఏర్పాటూ ఉంది, రెండూ కొట్టుకోవడం లేదు. మన వైపు ఏపీఎన్నార్టీ వాళ్ళ ప్రవాసాంధ్ర భరోసా బీమా ఉంది, తెలిసి డబ్బు కట్టినవాళ్ళకి. తెలంగాణలో గల్ఫులో పోయినవాళ్ళ కుటుంబాలకి 5 లక్షలు ఇస్తామన్నారు, 2023 డిసెంబరు నుంచి జరిగిన మరణాలకి. మంచిదే. కానీ నడుము విరిగి బతికున్నవాడి సంగతి?

ఢిల్లీకి ఈ ఖాళీ తెలియక కాదు. పది పాసైనవాళ్ళు కూడా ఈ 18 దేశాలకి ఉద్యోగానికి వెళ్ళేముందు నమోదు చేసుకోవాలని, 2019 జనవరి 1 నుంచి అమలని 2018లో ప్రకటించారు. అమలు కాకముందే పక్కన పెట్టారు. 2025లో పాత చట్టం స్థానంలో తేవడానికి కొత్త బిల్లు ముసాయిదా బయట పెట్టారు. అది ఏ రూపంలో వచ్చినా నేను అడిగేది ఒక్కటే. అనుమతి ఎవరికి కావాలో మీ ఇష్టం, బీమా మాత్రం ఉద్యోగ వీసా మీద వెళ్ళే ప్రతివాడికీ పెట్టండి. మెమో అడగొద్దు. ఏజెంటుకి లక్ష పోసేవాడికి 375 రూపాయలు ఒక లెక్క కాదు.

అప్పటిదాకా, మీ ఇంట్లో తమ్ముడో బావమరిదో గల్ఫుకి బట్టలు సర్దుకుంటుంటే, "నీకేంరా, డిగ్రీ ఉంది" అనకండి. ప్రమాద బీమా ఏది, కాంట్రాక్టు కాపీ ఏది అని అడగండి. రెండూ చూపించాకే టికెట్టు కొననివ్వండి.

ఏమంటారు?