పాత బండా? కొత్త బండా?



మొన్న ఒక ఆదివారం ఉదయం హైదరాబాదులో దుర్గంచెరువు ఒడ్డున నడిచి, టీకొట్టు దగ్గర ఆగాను. ఈ చెరువుకు ఒక పక్క జూబిలీహిల్సు, మరొక పక్క మాదాపూరు, హైటెక్ సిటీ ఉన్నాయి. 1998లో సైబర్ టవర్సు ప్రారంభించిన నాటికి ఈ చుట్టుపక్కల రాతిగుట్టలే ఎక్కువ. ఇప్పుడు ఎటు చూసినా అద్దాల మేడలే. 2020లో చెరువు మీద తీగల వంతెన కూడా వచ్చింది. వారమంతా ఆ మేడల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవారిలో కొందరు, ఆదివారం తెల్లవారేసరికి మోటారుసైకిళ్ళు బయటికి తీస్తారు.

ఆనాడు టీకొట్టు ముందు రెండు బుల్లెట్లు ఉన్నాయి. రెండూ నల్లనివే. రెండింటికీ బంగారు గీతల ట్యాంకు, గుండ్రని దీపం. దూరానికి కవలపిల్లల్లా ఉన్నాయి. వాటి యజమానులిద్దరూ స్నేహితులే గాని, కోడిపుంజుల్లా వాదించుకుంటున్నారు.

"ఇది మా నాన్న నడిపిన బండిరా! వీధి చివర 'డుగ్ డుగ్' మని వినబడితే, అమ్మ పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టేది. నీదీ ఒక బుల్లెట్టేనా? బుల్లెట్టు వేషం వేసిన కుట్టుమిషను!" అన్నాడు మొదటాయన.

"నీది చప్పుడు చేస్తుంది, నాది నడుస్తుంది. ఆ అదురుకు నీ చేతులు తిమ్మిరెక్కడం లేదూ?" అన్నాడు రెండో ఆయన.

చివరకు, "సరే, నీది నేను నడుపుతాను, నాది నువ్వు నడుపు. వంతెన దాటివద్దాం," అని తాళంచెవులు మార్చుకున్నారు.

రెండో ఆయన కొడుకు, పదేళ్ళవాడు, పాతబండి దగ్గర వంగి చూస్తున్నాడు. "బాబాయ్! నీ బండికి వెనుక బ్రేకు ఏ కాలి కింద ఉంటుంది?" అని అడిగాడు.

ఇద్దరి నోళ్ళూ మూతపడ్డాయి. ఎందుకో తెలుసునా?

ఆ పాత బుల్లెట్టుకు గేరు కుడికాలి కింద, వెనుక బ్రేకు ఎడమకాలి కింద ఉన్నాయి. కొత్తదానికి ఇది తారుమారు. మామూలుగా వెళ్ళేటప్పుడు ఆలోచించి కాలు కదపవచ్చు. కాని ఎదురుగా కుక్కపిల్ల అడ్డం వస్తే ఆలోచించే వ్యవధి ఎక్కడిది? కాలు పాత అలవాటు ప్రకారమే పోతుంది. బ్రేకు అనుకొని గేరును తొక్కుతుంది. కుర్రవాడి ప్రశ్న ఎంత విలువైనదో చూశారా?

ఈ బండి కథ కొంచెం చెబుతాను. బుల్లెట్టు అనే పేరు 1932లో ఇంగ్లండులో పుట్టింది. మన సైన్యానికి ఆ బళ్ళు కావలసి వచ్చి, 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడింది. ఇంగ్లండులో ఆ కంపెనీ మూతపడిన తరువాత కూడా మద్రాసులో బుల్లెట్టు తయారవుతూనే ఉన్నది. దశాబ్దాలపాటు దాని రూపం పెద్దగా మారలేదు. 2010 నాటికి పాత పోతఇనుము ఇంజను పోయి కొత్త ఇంజను వచ్చింది. 2023లో బుల్లెట్టుకు మరొక కొత్త ఇంజను పెట్టారు. పైరూపం మాత్రం తాతముత్తాతలదే.

మరి ఏది ఉంచాలి? ఏది మార్చాలి? ప్రతి భాగాన్నీ మూడు ప్రశ్నలు అడగండి. నువ్వెందుకు పుట్టావు? ఆ పని ఇంకా చేస్తున్నావా? నువ్వుంటే ఎవరికైనా ముప్పు ఉన్నదా?

ఇంజను చుట్టూ రెక్కలు రెక్కలుగా ఉన్న లోహపు పలకలను చూడండి. అవి సోకుకు పెట్టినవి కావు. వేడి టీని సాసరులో పోస్తే త్వరగా చల్లారుతుంది గదా! గాలి తగిలే జాగా పెరగడమే కారణం. రెక్కలు చేసే పనీ అదే. కొత్త ఇంజనుకూ అవి ఉన్నాయి, ఉండవలసిందే.

ఇక ట్యాంకు. పూర్వం పెట్రోలు తన బరువుతో తానే కిందికి దిగి ఇంజనును చేరేది. అందుకని ట్యాంకు పైన ఉండి తీరాలి. ఇప్పుడు పెట్రోలును పంపు నెడుతుంది. పాత కారణం పోయింది. అయినా ట్యాంకు అక్కడే ఉన్నది. దానివల్ల ముప్పు లేదు, చూపుకు అందం. ఉండనివ్వండి.

అదురు సంగతి వేరు. ఒకే సిలిండరు ఉన్న ఇంజనులో ముషలకం పైకీ కిందికీ దూకుతుంటే బండి అంతా వణుకుతుంది. కొత్తదానిలో ఎదురుదిశగా తిరిగే బరువొకటి పెట్టి ఆ వణుకును తగ్గించారు. పాతబండి వారికి లోటుగా తోచేది అదే.

బ్రేకులలో మాత్రం మొహమాటం పనికిరాదు. తడిరోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే చక్రం తిరగడం మాని జారుతుంది. జారే చక్రం మన మాట వినదు. ఏబీఎస్ అనే ఏర్పాటు చక్రం బిగుసుకోబోతున్నదని కనిపెట్టి, బ్రేకును చకచకా వదిలి పట్టిస్తుంది. 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ 2019 నుంచి మన దేశంలో ఇది తప్పనిసరి.

అప్పుడా స్నేహితులు ఏం చేశారంటారా? తాళంచెవులు తిరిగి మార్చుకున్నారు. మొదటాయన తండ్రి బండిని చేత్తో నిమిరి, "దీన్ని వదలను, మాష్టారూ. కాని పిల్లలను ఎక్కించుకోవలసి వస్తే కొత్తదే తీస్తాను," అన్నాడు. రెండో ఆయన కూడా, "కుట్టుమిషను కాదులే గాని, ఆ డుగ్ డుగ్ మాత్రం నీదేరా," అని ఒప్పుకున్నాడు. కుర్రవాడు హెల్మెట్టు పెట్టుకొని తండ్రి వెనుక ఎక్కాడు.

ఇక మీకు రెండు పనులు. పాత బుల్లెట్టు సిలిండరు లోపలి వ్యాసం 70 మిల్లీమీటర్లు, ముషలకం నడిచే దూరం 90 మిల్లీమీటర్లు. సెంటీమీటర్లలోకి మార్చి ఘనపరిమాణం కట్టండి. 346 ఘన సెంటీమీటర్ల పైచిలుకు వస్తే మీ లెక్క సరి. దాన్నే లోకం '350' అంటుంది.

రెండవది: సెల్‌ఫోనులో మాట్లాడే గుర్తుగా పాత టెలిఫోను రిసీవరు బొమ్మ ఉంటుంది, గమనించారా? దాన్ని ఆ మూడు ప్రశ్నలూ అడగండి. తరువాత మీ ఇంట్లో తాతగారి వస్తువు ఒకటి తీసుకొని, ఆయన పక్కన కూర్చుని, అవే అడగండి. మొదటి ప్రశ్నకు జవాబు ఆయన దగ్గరే ఉంటుంది.