కొండ బడికి కొండ భాష తెలిసిన టీచరు

గౌరవనీయ ఆంధ్రప్రదేశ్ గవర్నర్ గారికి,

విద్యామంత్రికి రాయాల్సిన ఉత్తరం మీకు రాస్తున్నానని అనుకోవచ్చు. కానీ రాజ్యాంగం ఐదో షెడ్యూలు ఏజెన్సీ ప్రాంతాల బాగోగులను ప్రత్యేకంగా గవర్నర్ చేతిలో పెట్టింది. ఏ చట్టమైనా అక్కడ వర్తించకూడదనో, మార్పులతో వర్తించాలనో నోటిఫికేషన్ ఇవ్వగలిగేది మీరే. 2000 జనవరి 10న వచ్చిన జీవో నంబర్ 3 ఆ అధికారంతోనే పుట్టింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది దాని సారం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని చెప్పింది.

ఆ తీర్పును తిరగదోడమని అడగడానికి కాదు ఈ ఉత్తరం. జీవో పోయాక దాని స్థానంలో ఏదీ రాలేదు. నా బాధ అదే.

పాడేరు, చింతపల్లి, ముంచంగిపుట్టు వైపు గూడేల్లో చదువుకుంటున్న ఆడపిల్లకు ఉద్యోగం అంటే కళ్లెదుట కనబడేది టీచరమ్మ, ఏఎన్ఎమ్, అంగన్‌వాడీ కార్యకర్త. ఇంజనీర్లూ ఆఫీసర్లూ జీపులో వచ్చి చీకటి పడకముందే ఘాట్ దిగిపోతారు. తన గూడెం వాడు, తన మాట మాట్లాడేవాడు డీఎస్సీ కొట్టి అదే బడిలో పాఠం చెప్తుంటే, చదువు దేనికన్న ప్రశ్నకు వేరే జవాబు అక్కర్లేదు. 2025 మెగా డీఎస్సీలో రాష్ట్రమంతటా 16,347 పోస్టులు వేశారు. ఏజెన్సీకి ప్రత్యేక డీఎస్సీ కావాలని ఆదివాసీ యువత రోడ్డెక్కింది ఆ జవాబు చెరిగిపోతోందనే.

ఇక తరగతి గది సంగతి. ఒకటో తరగతికి వచ్చే పిల్ల ఇంట్లో మాట్లాడేది కువి, లేదా ఆదివాసీ ఒడియా, లేదా కొండ భాష. పుస్తకంలో ఉన్నది తెలుగు, దాని పక్కనే ఇంగ్లీషు. చెట్ల పేర్లన్నీ తెలిసిన పిల్ల బడిలో నోరు విప్పదు. రెండేళ్లు అలా గడిచాక రిజిస్టరులో ఆమె పేరు పక్కన వెనకబడినట్టు రాసేస్తారు. మైదానం నుంచి వచ్చిన టీచరు చెడ్డవాడని కాదు. చాలామంది ఓపికగా చెప్తారు. కానీ ఆ పిల్ల ఏమడుగుతోందో ఆయనకు తెలియదు, అంతే.

ఈ సమస్యను మనవాళ్లు వందేళ్ల కిందటే గుర్తించారు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. ఆ భాషకు వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. ఏటా ఆగస్టు 29న ఆయన పేరు మీద తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆయన సవరల కోసం చేసిన పని మాత్రం ఉపన్యాసాల్లో ఒక వాక్యం దాటదు.

నేను అడిగేది ఒక్కటే. ఏజెన్సీలో ప్రాథమిక బడి టీచరు పోస్టుకు ఆ ప్రాంతపు ఆదివాసీ భాషలో ప్రావీణ్యం తప్పనిసరి అర్హత చేయించండి. ఇది కులాన్నో తెగనో చూసి ఇచ్చేది కాదు. బ్యాంకు క్లర్కు స్థానిక భాష పరీక్ష పాసవ్వాలని నియమం ఉంది కదా. డబ్బు కట్టించుకునే చోట ఖాతాదారు మాట అర్థం కావాలన్న పట్టింపు, అక్షరాలు దిద్దించే చోట ఎందుకు లేదు?

దొడ్డిదారి రిజర్వేషన్ అని ఎవరైనా కోర్టుకెళ్తే వెళ్లనివ్వండి. కువి నేర్చుకుని వచ్చిన మైదానం యువకుడికీ ఆ తలుపు తెరిచే ఉంటుంది. సీతంపేటలో సవర పరీక్ష పెట్టి, దానికి గిడుగు గారు కూర్చుంటే మొదటి ర్యాంకు ఆయనదే!

పరీక్ష పెట్టేదెవరంటారా? 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. విజయనగరం దగ్గర కొండకరకాంలో తాత్కాలిక భవనాల్లో తరగతులు మొదలయ్యాయి. ఆ పనికి అంతకన్నా తగిన సంస్థ లేదు. ఉమ్మడి రాష్ట్రంలోనే సవర, కువి, కోయ వంటి భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారయ్యాయి. వాటిని చెప్పడానికి గౌరవ వేతనం మీద భాషా వాలంటీర్లనూ పెట్టారు. వారిని గాలికి వదలకుండా డీఎడ్, బీఎడ్ దాకా చదివిస్తే మొదటి జట్టు సిద్ధంగా ఉన్నట్టే.

పై చదువులు లేవని కాదు. పాడేరులో వైద్య కళాశాల వచ్చింది, సంతోషం. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాఫీని రుచి చూసి నాణ్యత తేల్చే నిపుణుడి కోర్సును కాఫీ బోర్డు నడుపుతోంది. గూడెం కుర్రాడు ఆ కుర్చీదాకా రాకపోతే పండు కోసే కూలి దగ్గరే ఆగిపోతాడు. కొందరు గంజాయి మూటలు మోసి జైళ్లలో ఉన్నారు. పోలీసులు గంజాయి తోటలు నరికారు, మంచిదే. నరికిన చోట ఏ జీతం మొలిచిందని అడిగేవారు తక్కువ. వైద్యమైనా కాఫీ అయినా ఆ చదువుల్లోకి వెళ్లే దారి ఒకటో తరగతి నుంచే మొదలవుతుంది.

షెడ్యూల్డు ప్రాంతాల పాలనపై మీరు రాష్ట్రపతికి నివేదిక పంపాలి. ఈసారి పంపేదానిలో ఒక పట్టిక చేర్చమని మనవి. మండలాలవారీగా ప్రాథమిక బడుల్లో టీచర్లు ఎందరు, వారిలో తమ విద్యార్థుల ఇంటి భాష వచ్చినవారు ఎందరు. ఆ పట్టికను తెలుగులో అచ్చువేసి ప్రతి గ్రామ సచివాలయం గోడమీద అంటించమని ఐటీడీఏ అధికారులను ఆదేశించండి.

భవదీయుడు,
మన్యం బడుల మేలు కోరే ఒక పౌరుడు