బొమ్మా మిగలాలి, నేలా మిగలాలి



బెంగుళూరు చిత్రకళా పరిషత్తులోని రోరిక్ చిత్రాలను మీ పాఠకులలో చాలామంది చూసే ఉంటారు. రష్యాలో పుట్టిన స్వెతోస్లావ్ రోరిక్, వాల్తేరులో పుట్టిన వంగ వనిత, ప్రసిద్ధ తార దేవికారాణి 1945లో వివాహమాడి, తరువాత కనకపుర రోడ్డున తాతగుణి తోటలో స్థిరపడ్డారు. దక్షిణదేశపు ఎర్రనేల, పల్లెజనం, సంధ్యాకాంతి ఆయన కుంచెకు ఎక్కాయి.

మూడు తరాలుగా ఇక్కడ ఉంటున్న మా వంటి తెలుగు కుటుంబాలకు ఆ దృశ్యాలు పరాయివి కావు. మా చిన్నతనంలో ఊరు దాటితే రాగి చేలు, చెరువుగట్లు కనిపించేవి. మా మనుమలకు అవి గోడమీది బొమ్మలు మాత్రమే. చెరువు పూడ్చి కట్టిన ఇంట్లో చెరువు బొమ్మ తగిలించుకొని మురిసిపోవడం మనకు అలవాటైపోయింది.

మన భావకవుల వలె ప్రకృతిని ఆరాధించిన ఆంగ్ల చిత్రకారుడు కాన్‌స్టేబుల్ 1821లో, ఏటి నీటిలో నిలిచిన గడ్డిబండిని చిత్రించాడు. ఆ చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో భద్రంగా ఉన్నది. ఆయన చిత్రించిన ఫ్లాట్‌ఫర్డ్ పరిసరాలను నేషనల్ ట్రస్టు వారు కాపాడుతున్నారు. బొమ్మ చూసినవారు వెళ్లి ఆ ఏటి ఒడ్డున నిలబడవచ్చు.

మనకూ అటువంటి అవకాశం ఉన్నది. రోరిక్ 1993లో, దేవికారాణి 1994లో కన్నుమూశారు. సుమారు 468 ఎకరాల ఆ తోటను కర్ణాటక ప్రభుత్వం 1996 నాటి చట్టంతో స్వాధీనం చేసుకోగా, సుప్రీంకోర్టు 2011లో ఆ చట్టాన్ని సమర్థించింది. నేల ప్రజలదైనంత మాత్రాన నిలుస్తుందన్న భరోసా లేదు. చిత్రశాల అనీ, అతిథిగృహమనీ, కార్లు నిలిపే స్థలమనీ ఒక్కొక్కటే కట్టుకుంటూ పోతే చివరకు మిగిలేది ప్రహరీగోడే.

పెరిగే నగరానికి ఇళ్లు అక్కరలేదా అని కొందరు అడుగవచ్చు. అక్కరే. కాని ఇప్పటికే చుట్టుపక్కల పల్లెలను ఇళ్లకు ఇచ్చాము. ఈ ఒక్క తోటనైనా విడిచిపెట్టరాదా?

చెరువులకు, పరిమళతైలం కోసం ఆ దంపతులు పెంచిన లినాలో చెట్లకు మొదటి చోటు ఇచ్చి, కట్టడాలకు చివరి చోటు ఇవ్వవలెనని ప్రభుత్వం వారికి నా మనవి. దేవికారాణి పుట్టిన గడ్డతో సంబంధమున్న ఇక్కడి తెలుగు సంఘాల వారు కూడా ఈ మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మల్లేశ్వరం, బెంగుళూరు