వేగువిద్య – మన బాలికలు

పామర్రునుండి యొక తల్లి యిట్లు వ్రాసినది: "గాంధీనగరమునందలి రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయమున దేశభద్రతా విషయములు చదువ మా యమ్మాయి కోరుచున్నది. వేగువిద్య యాఁడుపిల్లకేలనని బంధువులు నవ్వుచున్నారు. పంపవచ్చునా?"

అది 2020వ సంవత్సరపు చట్టముచే నేర్పడిన జాతీయ ప్రాముఖ్యము గల సంస్థ. నవ్వువారికిఁ గౌటిల్యుఁడే సమాధానము. అర్థశాస్త్రమునఁ బరివ్రాజికయుఁ జారులలో నొకతె. ఒకరినొక రెఱుఁగని మువ్వురు చారుల మాట యేకమైననే నమ్మవలెనని యాతని నియమము. చాటుననుండి వినుట కాదు, విన్నదానిని తూఁచి నిజము తేల్చుటయే యీ విద్యకుఁ బ్రాణము.

ఇది యింటను నక్కఱయే. "డిజిటల్ అరెస్టు" అని ఫోనులో బెదరించి ధనము గుంజువారు నేఁడు పెక్కురు. అట్టి యరెస్టు చట్టమున లేదు. వెంటనే 1930 సంఖ్యకుఁ దెలుపవలయును.

అమ్మా! వసతి వ్యయములనుగూర్చియు మువ్వురి నడిగి, మాట కలిసినచో, అమ్మాయిని నిశ్చింతగాఁ బంపుఁడు.